మూడు దెబ్బల ఖాళీ

తాళం నాకెవరూ నేర్పలేదు. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ నాకు నేనే పట్టుకున్నాను. ఆ లెక్క మీద నమ్మకంతోనే మా మేనత్త పాటను చెడగొట్టాను.

సత్తెనపల్లి పక్కన మా ఊళ్లో మిరపకోతలకు అత్తే పాట ఎత్తుకునేది. ఆమె ఒక పాదం పాడితే సాళ్లలో ఉన్న ఇరవై మంది ఆడవాళ్లూ అందుకునేవారు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పాట అది. నేను గట్టు మీద గోతాలు కుడుతూ వినేవాణ్ణి. తొంభైల చివర్లో మా చర్చిలో గిటారు వాయించే మాస్టారు ఆ పాట విని, క్యాసెట్ చేద్దామన్నారు. అత్త సంతోషపడింది. తను పోయినా పాట ఉంటుందని ఆమె ఆశ.

మాస్టారింట్లో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాం. గిటారు ఎనిమిది దెబ్బలకు మళ్లీ మొదటికి వస్తోంది. అత్త పాదం కూడా ఎనిమిదికే అయిపోతోంది గానీ, ఆ తర్వాత ఆమె ఊరికే ఆగుతోంది. ఒకసారి మూడు దెబ్బలు, ఒకసారి ఐదు.

"ఈ ఆగడం పాటలోదేనా?" అని మాస్టారు నన్నడిగారు.

పాటలోదైతే ప్రతిసారీ ఒకే లెక్క ఉండాలి కదా అనుకున్నాను. "కాదండీ. వయసైపోయింది, తాళం తప్పుతోంది," అన్నాను, అత్త వింటుండగానే.

"నేను తప్పుతున్నానంట్రా? సరే, నువ్వు కొట్టు, నేను పాడతా," అంది.

ఆమె మోకాలి మీద ఎనిమిదేసి దెబ్బలు కొట్టాను. ఖాళీ లేకుండా పాడింది. రెండుసార్లు దగ్గింది. క్యాసెట్ బాగుందన్నారు అందరూ. బాగానే ఉంది కూడా. పాత పాటో కొత్త పాటో చెప్పలేం. మాటలు, గొంతు అత్తవే. నడక మాత్రం గిటారుది.

మరుసటి కోతల్లో ఆడవాళ్లు క్యాసెట్ నడకే పాడారు. అత్త ఆగిన చోట ఎవరూ ఆగలేదు.

"నువ్వే తప్పుతున్నావు పెద్దమ్మా. క్యాసెట్లో అట్టా లేదు," అంది పక్క సాలులో అమ్మాయి.

"క్యాసెట్లో ఉండేది నేనేనే."

"అయితే అట్టాగే పాడు మరి."

అందరూ నవ్వారు. రెండో వారానికి అత్త పాడటం మానేసింది.

ఆ పైయేడు కూలీలు చాలక నేనూ కోతకు దిగి, ఆమె పక్క సాలు పట్టాను. గుప్పిట నిండగానే కాయలు ఒడిలో వేసి మళ్లీ చేయి చాపాలి. మూడు దెబ్బలు. కాయ పలచగా ఉంటే పక్క మొక్కకు జరగాలి. ఐదు. పొద్దెక్కేదాకా లెక్కపెట్టాను. అత్త ఎన్నడూ తాళం తప్పలేదు.

"అత్తా, పాతది పాడు. మధ్యలో ఆగి పాడేదానివే, అది," అన్నాను.

వంగినది వంగినట్టే ఎత్తుకుంది. మొదటి పాదం ఎనిమిదికి ముగిసి, ఆగకుండా రెండోదాంట్లోకి పోయింది. మళ్లీ మొదలెట్టింది. మళ్లీ అంతే.

"నాకూ అదే వస్తందిరా," అంది.

గుప్పిట్లో కాయలు ఒడిలో వేసి పక్క మొక్కకు జరిగింది. లోపల లెక్కపెట్టాను. ఐదు.