ముందు కర్రతో కెలకండి

మా తమ్ముడికి చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. వాడు పనిచేసే సామిల్లులో అందరూ వాణ్ణి రంపం అంటారు. తన టీ గ్లాసులో తాగాడని ఒక లారీ డ్రైవరుకు పన్ను రాలగొట్టాడు. నా వంటింటి తలుపు మీద వాడి పిడికిలి గుంట ఇంకా అలాగే ఉంది. దెబ్బలు తిని తిని మరదలు పుట్టింటికి వెళ్ళిపోయింది. పదమూడేళ్ళ కూతురు మాత్రం ఒక షరతు మీద ఉండిపోయింది.

"నాన్నా, ఇంకొక్కసారి ఎవరి మీదైనా చెయ్యెత్తావంటే నేనూ అమ్మ దగ్గరికి వెళ్ళిపోతా."

వాడు నా ముందే ఒట్టేశాడు. తొమ్మిది నెలలు నిలబెట్టుకున్నాడు కూడా. కుక్క తోక వంకర పోదని లోకం అంటుంది. నేను నమ్మాను, నా తమ్ముడు కదా.

ఆ తొమ్మిది నెలలూ వాణ్ణి మనిషిగా ఉంచింది డబ్బాల ఆట. ఎవరో అడవిలో చిన్న డబ్బా దాచి, అది ఉన్న చోటునీ ఒక సూచననీ ఫోన్‌లో పెడతారు. వెతికి పట్టుకున్నవాళ్ళు లోపలి పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టాలి. సెలవు రోజొస్తే తండ్రీకూతుళ్ళు అడవిలోనే ఉండేవారు. కొన్నాళ్ళకు వాడే ఒక డబ్బా దాచాడు. మిల్లువాడు కదా, గొడ్డలి వెనక వైపుతో మాను తట్టి, లోపల బోలని తెలుసుకుని, ఒక ముసలి చెట్టు తొర్రలో పెట్టాడు. సూచన కూడా సొంతంగా రాసి ఫోన్‌లో పెట్టాడు, ముందుగా ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

తర్వాత ఒకరోజు పిల్ల బడికి అటవీశాఖ గార్డమ్మ వచ్చి పాఠం చెప్పింది. ఆ అడవిలో ఉండే చిన్న గబ్బిలం ఒళ్ళు బొటనవేలంత ఉంటుందట. ముసలి చెట్ల తొర్రల్లో తప్ప కాపురం ఉండదట. ఏడాదికి ఒక్కటే పిల్లను కని, దాన్ని రొమ్ముకు కరిపించుకుని ఉంటుందట. మేనకోడలు ఇంటికొచ్చి అన్నం ముందు ఏడ్చింది. డబ్బా అక్కడినుంచి తీసేద్దామని ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు.

అప్పటికే ఇద్దరు మనుషులు అక్కడున్నారు. గడ్డంవాడు తొర్రలో పొడుగాటి కర్ర పెట్టి కసిగా తిప్పుతున్నాడు. రెక్కలు చిరిగిన గబ్బిలాలు జలజల రాలుతున్నాయి. రెండోవాడు వాటిని బూటు కింద వేసి నలుపుతున్నాడు. ఒక తల్లి పిల్లతో సహా ఆకుల్లో పాకుతుంటే దాని మీదా బూటు పడింది. మా మేనకోడలు కెవ్వుమంది.

మా తమ్ముడి మొదటి దెబ్బకే గడ్డంవాడి ముక్కు పగిలింది. వాడి కర్రే లాక్కుని వాడి వీపు మీద విరిగేదాకా కొట్టాడు. రెండోవాడు పారిపోయాడు. పడినవాడి రొమ్ము మీద మోకాలు వేసి మూతి మీద గుద్దుతుంటే ఎండుటాకుల మీద పళ్ళు రాలాయి. "నాన్నా, వద్దు" అని పిల్ల మూడుసార్లు అందట. వాడికి వినపడలేదు. ఇదంతా అదే నాకు చెప్పింది, కంట చుక్క లేకుండా.

గడ్డంవాడు నెత్తుటి చేత్తో ఫోన్ వీడి మొహం ముందు పెట్టాడు. "రాసింది చూడు. చెప్పినట్టే కదా చేశాం."

అందులో ఉన్నది మా తమ్ముడి సూచనే. ముందు కర్రతో బాగా కెలకండి, తర్వాతే చెయ్యి పెట్టండి.

అది మిల్లు అలవాటు. తొర్ర ఉన్న దుంగను రంపం మీదికి ఎక్కించేముందు పామో తేలో ఉంటుందని కర్రతో కెలుకుతారు. వచ్చేవాళ్ళ చేతిని ఏదీ కరవకూడదని మంచికే రాశాడు సన్నాసి.

ఎత్తిన పిడికిలి దించి లేచాడు. డబ్బా తీయడానికి వట్టి చెయ్యి తొర్రలో పెట్టాడు. లోపల మిగిలినదేదో వేలు పట్టుకుంది. వాడు విదిలించలేదు, అది వదిలేదాకా అలాగే నిలబడ్డాడు.

గడ్డంవాడు ఆసుపత్రిలో ఉన్నాడు, కేసు నడుస్తోంది. గబ్బిలం కాటుకు వీడికీ సూదులు వేస్తున్నారు. మర్నాడు పిల్ల బట్టలు సర్దుకుంటుంటే నేను బతిమాలాను. వాడు కట్టు కట్టిన వేలితో గడప మీద కూర్చున్నాడు. అది సంచీ భుజాన వేసుకున్నాక అడిగాడు, తొర్రలో గబ్బిలాలు ఎన్ని మిగిలాయని.

"ఒకటే నాన్నా. నిన్ను కరిచిందే" అని చెప్పి మెట్లు దిగిపోయింది.