మౌనం మీద బేరం

పాడకుండానే ఒక పాటని చంపిన చరిత్ర నాది. అదెలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. సంగీతం తెలిసినవాళ్ళు గుండె చిక్కబట్టుకోండి. తెలియనివాళ్ళు ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి, చాలా చోటుంది.

రావులపాలెంలో మాది ఇత్తడి సామాన్ల కొట్టు. మా ఇంట్లో పిల్లలకి మాటలకన్నా ముందు బేరం వస్తుంది. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, "పక్కది కూడా పీకేస్తే కలిపి ఎంత?" అని అడిగిన వంశం మాది. అంతటి విద్య ఊళ్ళో వృథా కాకూడదని కువైట్ వచ్చి, సాల్మియాలో ఒక అత్తరు దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరాను.

మా పై అంతస్తులో శారదక్కయ్య ఉండేవారు. అమలాపురం ఆవిడ, పిల్లలకి వీణ చెప్పేవారు. వాళ్ళ ఎదురు ఫ్లాట్‌లో యుమికో గారని ఒక జపానావిడ. అక్కయ్య ఫిల్టర్ కాఫీ ఇచ్చేవారు, ఆవిడ వాళ్ళ దేశపు పాత పద్యాలు చెప్పేవారు. వందల ఏళ్ళ నాటివట, ఒక్కోటీ ఐదే పాదాలు. అక్కయ్య వాటిని వీణ మీద పాటలుగా కట్టడం మొదలుపెట్టారు. వీణ మీద జపాను పద్యమేమిటని అడిగితే, "నువ్వు అత్తరు అమ్మట్లేదూ?" అన్నారు. నాకు అర్థం కాలేదు కానీ, ఓడిపోయానని మాత్రం తెలిసింది.

అంతలో యుమికో గారి భర్తకి ఇక్కడి ఉద్యోగం ముగిసింది. ఇంక తిరిగి రారు. వెళ్ళేలోగా ఆవిడకి ఒక పాట రికార్డు చేసి ఇవ్వాలని అక్కయ్య పట్టుదల. పొగమంచులో ఒక పక్షి పిలుస్తుంది, అవతలి ఒడ్డు నుంచి జవాబు రాదు. పద్యం అంతే. యుమికో గారికి చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పేదట. ఆ తల్లి ఇప్పుడు లేదు.

"సత్తిబాబూ, ఖైతాన్‌లో ఎవరో రికార్డింగు చేస్తారటగా. కాస్త మాట్లాడిపెట్టు తమ్ముడూ. బేరం మాత్రం మరీ పీకకు."

"మీరు పాట చూసుకోండక్కయ్యగారూ. రేటు సంగతి నాకొదిలేయండి."

పాలకుండని పిల్లికి అప్పజెప్పడమంటే ఇంతకన్నా ఏముంటుంది చెప్పండి!

ఖైతాన్‌లో దర్జీ కొట్టు వెనక ఓబులేసు గది. రాజంపేట కుర్రాడు. గోడలకి గుడ్ల అట్టలు, మధ్యలో మైకు. పుట్టినరోజు శుభాకాంక్షల దగ్గర్నించి భజనల దాకా అన్నీ రికార్డు చేస్తాడు. తయారైన పాట ఎన్ని నిమిషాలుంటే అన్ని నిమిషాలకి రేటు. అద్దానికి అవతల అక్కయ్య పాడుతున్నారు, ఇవతల నేను గడియారం చూస్తున్నాను.

పక్షి పిలిచింది. అక్కయ్య ఆగిపోయారు. వీణ తీగ మోగి మోగి సన్నగిల్లింది. ఆ తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. పక్షి మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఏమీ లేదు.

"ఏవయ్యా ఓబులేసూ, ఇప్పుడిక్కడ ఏముంది?"

"ఏముందన్నా, ఏమీ లేదు."

"మరి ఏమీ లేనిదానికి దినార్లెందుకు? బిందె అమ్మినప్పుడు లోపలున్న గాలికి విడిగా డబ్బులు తీసుకుంటామా మేము?"

"పాటన్నాక నడిమధ్యలో గమ్మునుండేది ఉంటాది గదన్నా."

"ఉండనీ. పాడినదానికి రేటు. పాడనిది నాకక్కర్లేదు."

ఓబులేసు నన్ను ఎగాదిగా చూశాడు. "పాడనిది వద్దు అంటావు?"

"వద్దు."

"మాట మీద ఉంటావా?"

"ఉంటాను."

"సరే, ఖలాస్."

చెవులున్నవాడికి అక్కడే ప్రమాదం వినబడేది. నాకున్నవి చెవులు కావు, తక్కెడ పళ్ళేలు.

ఫైలు ఫోన్లోకి వచ్చింది. రేటు సగానికి సగం తగ్గింది. నేను విననే లేదు. విని చేసేదేముంది, తగ్గిందిగా! "అందరం కలిసి ఒకేసారి విందామక్కయ్యగారూ" అని ఆవిణ్ణీ విననివ్వలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అక్కయ్య ఇంట్లో వీడ్కోలు టీ. సాయంత్రమే యుమికో గారి విమానం. నేను కొత్త చొక్కా వేసుకుని, స్పీకరుకి ఫోను తగిలించి, పెళ్ళికొడుకులా నొక్కాను.

పక్షి పిలిచింది. పిలిచింది, పిలిచింది, పిలిచింది! ఊపిరి తీసుకోలేదు. వీణ తీగ మోగబోతుండగానే ఎవరో పీక నొక్కినట్టు తెగిపోతోంది. అది పొగమంచులో పక్షి కాదు, మా ఊరి సెంటర్లో "రాజమండ్రి, రాజమండ్రి" అని అరిచే ఆటోవాడు. యుమికో గారు ఎత్తిన కప్పు పెదాల దాకా వెళ్ళేలోగా పాట అయిపోయింది. పాటలోంచి పోయిన మౌనమంతా వచ్చి గదిలో కూర్చుంది.

యుమికో గారు మర్యాదగా నవ్వారు. "పాపం, ఆ పక్షిక్కూడా ఈ రోజే విమానమా?" అని, టీ తాగకుండానే కప్పు కింద పెట్టేశారు.

"సత్తిబాబూ, నా పాటలో ఆగే చోట్లు ఏవి?"

"తగ్గించానండి."

"ఏవిటి తగ్గించావు?"

"రేటు..."

అక్కయ్య అరవలేదు. అరిస్తే బాగుండేది. "పక్షి పిలిచాక వాళ్ళమ్మ కాసేపు ఆగేదట. ఆ ఆగడం కోసమే నేను పాట కట్టాను. నువ్వది వదిలేసి తక్కినదంతా పట్టుకొచ్చావు."

బాల్కనీలోకి పరిగెత్తి ఓబులేసుకి ఫోన్ చేశాను.

"తమ్ముడూ, ఆ తీసేసినవి ఉన్నాయా? పారేశావా?"

"ఉండాయిలే అన్నా. యాడికి పోతాయి?"

"అర్జెంటుగా కావాలి. ఇప్పుడే కావాలి. నీ దగ్గర తప్ప ఎక్కడా దొరకవు!"

చూశారా? కొనేవాడు చచ్చినా చెప్పకూడని మూడు మాటలు, ఒక్క గుక్కలో చెప్పేశాను. మా తాతగారు వింటే నన్ను కొట్టు గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు.

"అయితే అది విడి సరుకన్నా. రేటు వేరే."

"పాటతో వచ్చేదేగా అది!"

"పాటతో ఇస్తే వద్దంటివి గదా."

"కాస్త చూసి చెప్పవయ్యా."

చెప్పాడు. పాడినదానికన్నా పాడనిదానికి ఎక్కువ చెప్పాడు. లోపల యుమికో గారు పెట్టె తాళం సరిచూసుకుంటున్నారు. "యల్లా, తొందరగా పంపించు" అన్నాను. మా వంశంలో చెప్పిన రేటుకి కొన్న మొదటివాణ్ణి నేనే.

అసలు పాట మొదలైంది. పక్షి పిలిచింది. ఆగింది. ఎవరూ కదల్లేదు. నేను డబ్బు పోసి కొన్న ఆ నిశ్శబ్దంలో యుమికో గారు కళ్ళు మూసుకున్నారు. పక్షి మళ్ళీ పిలిచేసరికి ఆవిడ చెంపలు తడిసిపోయాయి. పాట అయ్యాక అక్కయ్య చేతులు పట్టుకుని, "అచ్చం మా అమ్మ చెప్పినట్టే ఉంది" అన్నారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, చాలా మొహమాటంగా అన్నారు:

"కాకపోతే మా అమ్మ ఇంకొంచెం ఎక్కువసేపు ఆగేది."

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోయింది.

ఆ సాయంత్రం సాల్మియా సముద్రం సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో పాడనిదాని మీద బేరమాడను. పాడినదంటారా, అందులో ఇంకా తగ్గించే వీలుంది.