నూకన్న మేస్త్రీ చేసిన కారు

మొన్న శుక్రవారం పొద్దున పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో మందుల కొట్టు ఎప్పుడు తెరుస్తారా అని నిలబడి ఉన్నాను. పక్కనున్న బట్టల కొట్టతను షట్టరు ఎత్తి, నిప్పుల మీద గుగ్గిలం చల్లి, గుమ్మానికి పొగ పట్టించాడు. ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు నవ్వొచ్చింది. అందరికీ అది దేవుడి గది వాసన, నాకు మాత్రం కారు వాసన. ఆ మాటే పైకి అంటే పక్కన నిల్చున్న ఒక అమ్మాయి, "క్యా ఆంటీ, కారులో అగర్‌బత్తీ జ్యాదా వెలిగించేవారా?" అంది. ఆ పిల్లకి ఎక్కణ్ణుంచని చెప్పను? మందులు తీసుకుని ఇంటికొచ్చి కూర్చున్నా ఆ వాసన వదల్లేదు. నూకన్న మేస్త్రీని ఎరిగినవాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. ఆయన్ని చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నూకన్న మేస్త్రీ పడవలు కట్టేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకని ద్వీపాలకు వచ్చిన కుటుంబాల్లో ఆయనదొకటి. వల కన్నా చెక్క చెక్కే బాడిశ ఆయన చేతిలో బాగా ఆడేది. అందుకని వేట మానేసి డింగీలు చేయడం మొదలుపెట్టాడు; చిన్న పడవని మేమిక్కడ డింగీ అనే అంటాం. ఆ రోజుల్లో హోప్ టౌన్ తీరాన లాగి పెట్టిన డింగీల్లో సగం ఆయన చేతివే. డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఇంటి వెనకే ఆయన షెడ్డు. మనిషి పొట్టి, మాట పొడుగు. తన పనిని ఎవరైనా పొగిడితే వినేవాడు, ఎవరూ పొగడకపోతే తనే మొదలుపెట్టేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన కోపం లేనప్పుడు తల్లీ అని, ఎగతాళికి టీచరమ్మా అని పిలిచేవాడు.

నేను నిజంగానే టీచర్ని. మూడేళ్ళప్పుడు వచ్చిన జ్వరంతో నా ఎడమ కాలు సన్నబడిపోయింది. నడుస్తాను గానీ ఎత్తయిన మెట్టు ఎక్కలేను. ఊళ్ళోని బడిలో ఉన్నన్నాళ్ళు ఇబ్బంది లేకపోయింది. తరువాత దూరంగా, దక్షిణాన ఉన్న ఒక పల్లెకి బదిలీ చేశారు. పొద్దున ఒకటే బస్సు. దాని మెట్టు నా మోకాలికి పైనుండేది. కండక్టరు మంచివాడే. "ఆవో దీదీ" అంటూ నా చంకల కింద చేతులు వేసి, బియ్యం బస్తాని ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టేసేవాడు. అదే బస్సులో నా క్లాసు పిల్లలుండేవాళ్ళు. వాళ్ళెవరూ నవ్వేవాళ్ళు కాదు, కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. నవ్వినా బాగుండేది. ఆ జనవరిలో ఇక తేల్చుకున్నాను. వేసవి సెలవులయ్యి బడి తెరిచేనాటికి, నన్నెవరూ ఎత్తకుండా వెళ్ళే దారి దొరకాలి. దొరక్కపోతే ఉద్యోగం మానేస్తాను.

మిడిల్ పాయింట్‌లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక దీదీ ఉండేది. ఆమె పెరట్లో ఒక పాత విలాయతీ చిన్న కారు పడి ఉండేది. తాబేలు వీపు లాంటి పైకప్పు, రెండే తలుపులు. మలుపు తిరిగేటప్పుడు ఇండికేటరు బదులు పక్క నుంచి చిన్న చెయ్యి లేచే రకం. ఎవరో అధికారి మెయిన్‌లాండ్‌కి తిరిగి వెళ్తూ, ఓడకెక్కించే తలనొప్పి ఎందుకని వదిలేసి పోయాడట. దీదీ అందులో కోళ్ళను పెంచేది. నా గోడు విన్న మేస్త్రీ దాన్ని బాగుచేసి పెడతానన్నాడు. ఇద్దరం బేరానికి వెళ్తే, ఆమె వెల మాట తరువాత, ముందు షరతు చెప్పింది.

"ముర్గీ బైఠీ హై. ఇక్కీస్ దిన్ బాద్ ఆనా."

వెనక సీటు మీద నల్లకోడి గుడ్లు పొదుగుతోంది. మూడు వారాలు పోతే నాకు మిగిలే సమయమెంత! నేను మొహం మాడ్చుకుంటే మేస్త్రీ దీదీ పక్షం చేరిపోయాడు.

"గుడ్ల మీద కూకున్న కోడిని లేపకూడదు తల్లీ, పాపం. ఈ మూడోరాలూ నాను కొలతలు తీసుకుంటాను."

అన్నట్టే రోజూ సాయంత్రం దారం పట్టుకుని వెళ్ళి, కోడి బెదరకుండా కిటికీలోంచి చెయ్యి పెట్టి కొలిచేవాడు. "ఇంతకీ నీకు కారు పని వచ్చా బాబాయ్?" అని అడిగాను. "పనేటి, నాను కారెక్కనే నేదు. అయితే ఏటి? రోడ్డు మీద నడిసే పడవే గదా" అన్నాడు. ఆ ధీమా చూసి నాకు భయం వేసిన మాట నిజం.

కోడిపిల్లలు బయటికొచ్చాక కారుని తోసుకుంటూ డైరీ ఫార్మ్ తెచ్చాం. హార్బర్ వర్క్‌షాపులో పనిచేసే ఒక భయ్యా ఆదివారాలు వచ్చి ఇంజను చూసేవాడు. కావలసిన సామాన్లు మద్రాసు నుంచి ఓడలో రావాలి. ఓడ వస్తే సామాను రాదు, సామాను వచ్చిందంటే అది వేరే బండిది. మిగతా పనంతా మేస్త్రీదే. తుప్పు తినేసిన అడుగుభాగం కోసేసి ఎర్రటి పడౌక్ చెక్క పలకలు బిగించాడు. నా ఎడమ కాలికి క్లచ్చు తొక్కేంత బలం లేదు. దానికి ఆయన వారం రోజులు ఆలోచించి, పెడల్ కాడకి మరో ఇనప కడ్డీ అతికించి పొడుగు చేశాడు. "తెడ్డు పొడుగైతే సేతికి బరువు తగ్గుద్ది. కాలైనా అంతే" అన్నాడు. కూర్చుని తొక్కి చూశాను. దిగింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ దిగింది. అరగంటసేపు నడవని కారులో కూర్చుని క్లచ్చు తొక్కుతూనే ఉన్నాను, ఆయన పక్కన నిలబడి పేరంటంలో కూతుర్ని చూసుకుంటున్నట్టు చూశాడు.

మార్చిలో ఆయన కంటికి ఇంకొకటి కనిపించింది. రెండు తలుపుల కింది అంచునా, బాడీ అడుగున అక్కడక్కడా చిన్న చిన్న చిల్లులు. పడవవాడికి చిల్లు కనిపిస్తే నిద్ర పట్టదు. "ఈటిని సేసినోడు నిద్దరోయినాడేటి?" అని తిట్టుకుంటూ గుగ్గిలం నూనెలో కాచి, పత్తికి పట్టించి, ఒక్కొక్క చిల్లులో ఉలితో కూరి మూసేశాడు. పడవ చెక్కల సందులు మూసేది అలాగే. కారంతా గుగ్గిలం వాసన. వాడలో వాళ్ళందరినీ పిలిచి చూపించాడు. "సముద్రంలోకి తోసినా ఒక్క సుక్క లోపలికి రాదు" అన్నాడు. అందరూ "వా మేస్త్రీ" అన్నారు.

ఆ సాయంత్రమే కారు అరలో దొరికిన ఇంగ్లీషు పుస్తకం తిరగేస్తున్నాను. సగం చెదలు తినేశాయి. మిగిలిన ఒక పేజీలో స్పష్టంగా ఉంది: అద్దాల పక్కనుంచి తలుపులోకి దిగే వాననీరు బయటికి పోవడానికే ఆ రంధ్రాలు, వాటిని ఎన్నడూ మూయరాదు. పుస్తకం పట్టుకుని షెడ్డు దాకా వెళ్ళాను. ఆయన ఇంకా ఎవరికో చూపిస్తూ మురిసిపోతున్నాడు. పెద్దవాడు, నా కోసం ఇంత చేస్తున్నాడు, నలుగురిలో ఏమని చెప్తాను? రేపు చెప్దాంలే అనుకున్నాను. ఆ రేపు ఏప్రిల్ దాటింది, మే నెల దాటింది.

వానలు మొదలయ్యాయి. బడి తెరవడానికి నాలుగు రోజులుందనగా కారు తలుపు లాగితే లోపల గుడుగుడుమంది. మేస్త్రీ వచ్చి, కొబ్బరికాయని చెవి దగ్గర ఊపి చూసినట్టు తలుపు ఊపి చూశాడు. లోపల నేల పలకలు నీళ్ళు తాగి ఉబ్బిపోయి ఉన్నాయి. నేను తొక్కుతూ సంబరపడిన క్లచ్చు పెడల్ పలకల మధ్య ఇరుక్కుపోయింది.

"సందే నేదు గదా. నీళ్ళెలగొచ్చినాయి?" అన్నాడు తనలో తను.

ఇంట్లోకి వెళ్ళి పుస్తకం తెచ్చి, ఆ పేజీ తెలుగులో చెప్పాను. చివరిదాకా విన్నాడు.

"ఈ కాయితం ఎప్పుడు సదివినావు?"

"మార్చిలో."

"మరి సెప్పనేదేటి?"

"అందరికీ చూపించుకుని సంతోషపడుతున్నావు కదా బాబాయ్. పెద్దవాడివి, నలుగురిలో చిన్నబోతావని..."

ఆయన దుంగ మీద కూర్చున్నాడు. కేకలేస్తాడనుకున్నాను. మెల్లిగా అడిగాడు.

"ఆ బస్సోడు నిన్నెత్తి లోపలెడతాడు గదా. ఆడు సెడ్డోడా? కాదు. నీకు సాయమే సేత్తన్నాడు. మరి నీకు ఏడుపెందుకొత్తాది?"

నేను పుస్తకం మూశాను.

"నువ్వూ నన్నలాగే ఎత్తినావు, టీచరమ్మా. నూకన్న ముసిలోడు, తప్పు సెప్తే మొయ్యనేడు అని, సంకల కింద సేతులేసి ఎత్తీసినావు."

నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు ఇంకొకటి లేదు. ఏ దయ నా మీద చూపిస్తే నేను ఉద్యోగమే వదిలేద్దామనుకున్నానో, అదే దయ నేను ఆయన మీద చూపించాను, పైగా దానికి గౌరవమని పేరు పెట్టుకున్నాను.

మేస్త్రీ లేచి, మార్చిలో ఎవరినైతే పిలిచాడో వాళ్ళనే మళ్ళీ కేకేశాడు. "రండర్రా, నూకన్న గొప్పతనం సూడండి!" అని ఉలితో ఒక్కో చిల్లూ తెరిచాడు. తలుపుల్లోంచి ఎర్రటి తుప్పునీళ్ళు ధారగా కారాయి. జనం పడీ పడీ నవ్వారు, అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వాడు. తరువాత ఉబ్బిన పలకలన్నీ ఊడదీశాడు. అవి ఆరాక చిత్రిక పట్టి మళ్ళీ బిగించాలంటే పది రోజులు పడుతుందన్నాడు. అంటే బడి తెరిచే రోజుకి కారు లేదు. నేను ఇంట్లోకి పోయి ఏడ్చాను. రాజీనామా కాగితం రాసి సంచిలో పెట్టుకున్నాను.

బడి తెరిచిన సోమవారం పొద్దున బస్టాపులో నాకన్నా ముందే మేస్త్రీ నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక పీట. ఊడదీసిన పడౌక్ పలక కోసి, నాలుగు పొట్టి కాళ్ళు బిగించి చేశాడు. ఒక కాలికి పడవ తాడు కట్టి ఉంది. బస్సొచ్చింది. కండక్టరు అలవాటుగా చేతులు చాపితే మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

"హాథ్ మత్ లగావో భయ్యా. మేడమ్ ఖుద్ చఢేగీ."

నన్ను ముట్టుకోవద్దని, నేనే ఎక్కుతానని చెప్పి పీట వేశాడు. కడ్డీ పట్టుకుని పీట మీద ఒక అడుగు, మెట్టు మీద ఒక అడుగు. ఎక్కేశాను. తాడు లాగితే పీట నా వెనకే లోపలికి వచ్చేసింది, లంగరు లాగినట్టు. సీట్లు ఖాళీ లేవు. ఆ పీట మీదే దర్జాగా కూర్చున్నాను. వెనక నుంచి నా క్లాసు పిల్ల ఒకతి "టీచర్, నేను కూడా కూర్చోనా?" అంది. రాజీనామా కాగితం సాయంత్రం పొయ్యిలో పెట్టాను.

ఇంటికొచ్చి దెబ్బలాడాను. "ఈ పీటేదో జనవరిలోనే చేసి ఉంటే నేను కారు కొనేదాన్నే కాదు కదా బాబాయ్!"

"అందుకే సెయ్యనేదు" అన్నాడు. "నాకు మట్టుకు కారు సెయ్యాలనుండదేటి?"

కారు పన్నెండో రోజుకి సిద్ధమైంది, వర్క్‌షాపు భయ్యా నాకు నడపడం నేర్పాడు. రవాణా ఆఫీసు నుంచి వచ్చినాయన ఆ పొడుగు పెడల్‌ని తనే తొక్కి చూసి, ముక్కు మీద వేలేసుకుని, సంతకం పెట్టాడు. కారులో మొదటిసారి బడికి వెళ్ళిన రోజు మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన చెప్పులు బయటే విప్పి, కారు ముందు భాగాన్ని తాకి కళ్ళకద్దుకుని ఎక్కాడు. కొండ మలుపు దగ్గర జోరున వాన. ఆపమన్నాడు. దిగి, వానలోనే వంగి తలుపుల కింద చూశాడు. తడిసి ముద్దయి లోపలికొచ్చాడు.

"కారతన్నాది తల్లీ, సక్కగా కారతన్నాది. పోనీ."

ఆ కారు నన్ను చాలా ఏళ్ళు మోసింది. మేస్త్రీకి కళ్ళు మసకబారాయి. అయినా పని మానలేదు. ఆయన చివరి డింగీని నీళ్ళలోకి దింపిన రోజు వాడంతా ఒడ్డునే ఉంది. డింగీ దిగగానే ఎడమ పక్కకి ఒరిగింది. ఆయనకి తప్ప అందరికీ కనిపిస్తోంది. అయినా అందరూ "వా మేస్త్రీ, బఢియా" అంటున్నారు. ఆయన తల తిప్పి నేను ఎటు ఉన్నానో వెతుకుతున్నాడు.

"టీచరమ్మా, నువ్వు సెప్పు."

"ఒరుగుతోంది బాబాయ్. ఎడమ పక్కకి."

ఆయన కొడుకు నన్ను మింగేసేలా చూశాడు. మేస్త్రీ మాత్రం ఒక్క మాటే అడిగాడు.

"ఎంత?"

"నాలుగు వేళ్ళు."

"ఒడ్డుకి లాగండర్రా" అన్నాడు. ఆ మొహంలో వెలుగు నేను మరిచిపోలేను. నెల తిరక్కుండా దాన్ని సరిచేయించి మళ్ళీ దింపాడు, ఈసారి తిన్నగా నిలబడింది.

తరువాత ముప్ఫై ఏళ్ళకు పైగా ఎందరివో తప్పులు ఎత్తి చూపాను, నావి ఎవరైనా చూపిస్తే ముందు ఒళ్ళు మండేది. అప్పుడు డింగీ దగ్గర ఆయన అడిగిన ఆ ఒక్క మాటే అడిగేదాన్ని. ఎందుకు, ఎవరన్నారు అని కాదు. అది అడగడం మొదలుపెట్టాక ఒళ్ళు మండటం దానంతటదే తగ్గింది. ఇప్పుడు నాకూ వయసు మీద పడింది, నాకు తప్పు చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. నిన్న రాత్రి భోజనాలయ్యాక ఈ కాగితాలు మా అమ్మాయికి చదివి వినిపించాను. దానికి తెలుగు వినడమే గానీ చదవడం అంతంత మాత్రం. "బాగుందమ్మా" అంది, కొంచెం తొందరగా. ఆ తొందర నాకు తెలుసు. నిజం చెప్పమన్నాను. అది కాసేపు గోళ్ళు చూసుకుని, "ఇందులో నువ్వు మరీ మంచిదానివైపోయావమ్మా" అంది.

"ఎంత?" అన్నాను, కలం అందుకుంటూ.