కెప్టెన్ పీటర్సన్ గోత్రం

ఎదుటి మనిషి గోత్రం తెలియకపోతే రామానుజం అయ్యగారికి మాట ముందుకు సాగదు. ఫలక్‌నుమాలోని చిన్న గుళ్లో ముప్ఫై ఏళ్లు అర్చన చేసిన నోరు అది. గుడి తలుపులు మూసినా దానికి సెలవు లేదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్నీ, రాంగ్ నంబరు కలిపినవాణ్నీ ఒకే ప్రశ్న అడిగేవారు. ఓసారి పోస్ట్‌మాన్ ఇశ్రాయేలు నవ్వి, "మాది తంతి తపాలా గోత్రం అయ్యగారూ" అన్నాడు. "మస్తుగున్నది" అని అయ్యగారు మర్నాడు అర్చనలో అలాగే చదివేశారు.

రెండువేల మూడులో స్టేషన్ రోడ్డు మీద ఖదీర్ భాయ్ ఇంటర్నెట్ కేఫ్ తెరిచాడు. అయ్యగారు తనకూ ఒక ఈమెయిల్ పెట్టించుకున్నారు. ఇక చూడండి, తొలకరి చినుకుల్లా ఉత్తరాలు! ఎవరో యువరాజు, ఎవరో లాటరీ దొర. అందరికీ రెండు వేళ్లతో, జాజిపూలు కోసినంత మెల్లగా, ఒకటే జవాబు కొట్టేవారు: తమరి గోత్రం, నక్షత్రం తెలుపగలరు.

"పంతులు సాబ్, గివన్నీ దొంగ మెయిళ్లు. డిలీట్ కొట్టుండ్రి!"

"గడపలకొచ్చినోన్ని పేరడగకుండ ఎట్ల పంపుత ఖదీర్?"

"అడిగితే చెప్తుండ్రా?"

"ఒక్కడు చెప్తలేడు. యువరాజులంట, తాత పేరు గూడ తెల్వదు!"

డిగ్రీ చేతికొచ్చి రెండేళ్లుగా ఉద్యోగం కోసం తిరుగుతున్న నందకిశోర్ పక్క క్యాబిన్‌లో కూర్చుని ఈ భాగోతం విని నవ్వుకునేవాడు. ఒక మధ్యాహ్నం అతనికే మెయిల్ వచ్చింది. ఓడల కంపెనీలో ఉద్యోగం, జీతం నలభై వేలు. కింద కెప్టెన్ పీటర్సన్ సంతకం. మర్నాడు సాయంత్రం ఐదులోగా పద్దెనిమిది వేలు బ్యాంకులో వేస్తే చాలు. హుస్సేన్‌సాగర్ తప్ప వేరే నీళ్లు ఎరుగని నందు చెవుల్లో సముద్రం మోగింది. తల్లి సూర్యప్రభ చీరలకు ఫాల్స్ కుట్టిన డబ్బులతో రెండేళ్లు కట్టిన చిట్టీని ఎత్తి, ఆ డబ్బు కొడుకు చేతిలో పెట్టింది.

మర్నాడు ఆ డబ్బు జేబులో పెట్టుకుని, బ్యాంకు నంబరు ప్రింటు తీసుకుందామని కేఫ్‌కి వచ్చాడు నందు.

"అయ్యగారూ, ఓడ ఎక్కుతున్న. ఆశీర్వాదమియ్యుండ్రి."

"మంచిది బిడ్డా. మీ కెప్టెన్‌ది ఏ గోత్రం?"

"షురువైంది లొల్లి!" ఖదీర్ నెత్తి కొట్టుకున్నాడు.

అయ్యగారు కళ్లజోడు సర్దుకుని తెరను చదివారు. "ఇందుల నీ పేరేది? ‘ప్రియమైన అభ్యర్థీ’ అంటే ఎవరు?"

"నేనే."

"నువ్వే అని వానికి తెల్వాలె గద. ఇంటర్వ్యూకు పిలిచిండా?"

"లేదు."

"గన్ని ఓడలున్నోడు నా లెక్కనే పైస ఖర్సులేని ఫుకట్ మెయిల్ ఎందుకు పెట్టుకున్నడు? నందూ, పేరు, ఊరు, పని చెప్పనిదే నేను దేవుని ముంగట సంకల్పమే చెప్పను. నువ్వు పద్దెనిమిది వేలు ఎట్ల ఇస్తవు?"

"అర్చన గాదు గిది, నౌకరీ!" నందు గోడ గడియారం చూపించాడు. "ఐదు దాటితే పోతది!"

"ఫికర్ చెయ్యకు. ఇంక పదకొండే అయింది. గోత్రం ఒక్కటి అడుగుత, జవాబు రాంగనే పో."

ఆ ఒక్క వాక్యం కొట్టడానికి ఆయనకు ఇరవై నిమిషాలు పట్టింది. జవాబు మాత్రం పది నిమిషాల్లో వచ్చింది.

‘గోత్రం ఫీజు అదనంగా రెండు వేలు. నక్షత్రం ఉచితం.’

నందు ఇంకోసారి చదివాడు. లోపలెక్కడో ముడి విడినట్టు నవ్వు మొదలైంది; పొట్ట పట్టుకుని, కుర్చీలోంచి జారి, రెండేళ్ల నవ్వంతా నవ్వాడు.

"నక్షత్రం ఫ్రీ అంట పంతులు సాబ్! ఇడవకుండ్రి!" ఖదీర్ కళ్లు తుడుచుకున్నాడు.

చివరికి నందు జేబు మీద చెయ్యి వేసుకుని అడిగాడు: "మీకు ముందే తెల్సు గద. దొంగ అని సీదా చెప్పచ్చు గద?"

"నేను చెప్తే నా మీద కోపమొస్తుండె. ఇప్పుడు వాడే చెప్పిండు, నీకు నవ్వొచ్చింది. పో, అమ్మ ముంగట గూడ గట్లనే నవ్వు."

అయ్యగారు వెళ్లాక ఖదీర్ గొంతు తగ్గించాడు. "గిట్ల పైసలు గట్టకుండ ఆయన ఆపినోళ్లల్ల నువ్వు ఏడోవానివి భాయ్. తక్కిన ఆరుగురి పేర్లు నన్ను గూడ చెప్పనియ్యడు."

శనివారం పొద్దున సూర్యప్రభ కొడుకును గుడికి పంపింది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి తెచ్చిన చామంతుల పసుపు మీద ఎండ మెల్లగా వాలుతోంది. అయ్యగారు నందు గోత్రం, పేరు చదివి, మంచి ఉద్యోగం రావాలని పూలు వేశారు. ఆగలేదు. గోత్రం తెలియనివాళ్లకు ఇచ్చే గోత్రాన్ని అందుకున్నారు.

"కాశ్యప గోత్రోద్భవస్య, కెప్టెన్ పీటర్సన్ నామధేయస్య, ఉద్యోగ ప్రాప్త్యర్థం…"

"అయ్యగారూ! ఆ దొంగకా?"

అయ్యగారు పళ్లెంలోంచి ఇంకో చామంతి తీశారు.

"వానికీ నౌకరీ లేనట్టుంది బిడ్డా. ఉంటే పట్టపగలు పది నిమిషాలల్ల నాకు జవాబెందుకు రాస్తడు?"