రేల ఆకులు కడిగిన పెద్దమ్మ

మొన్న మా ఆవిడ బాల్కనీలో నిమ్మ మొక్క ఆకుల మీది దుమ్మును తడిగుడ్డతో తుడుస్తుంటే, "జర ఆకు కింద చూసుకుంట తుడువు," అన్నాను. ఎందుకని అడిగింది. నేను చెప్పడం పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయింది.

మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, జీవితమంతా భూమి కింద బొగ్గు తవ్వి, రిటైరయ్యేనాటికి పింఛనుతో పాటు ఆగని దగ్గును కూడా తెచ్చుకున్నాడు. అప్పుడు సెంటినరీ కాలనీలో కొడుకు క్వార్టర్లో ఉండేవాళ్లు. మిరుగం, అంటే మృగశిర కార్తె, దాటి తొలి వానలు పడగానే గోదావరి అవతలి అడవుల నుంచి లేత పసుపు సీతాకోకచిలుకలు గుంపులుగా కాలనీ మీదుగా పోయేవి. అన్నీ ఒకే దిక్కుకు, ఇంటికప్పుల ఎత్తులో, ఎక్కడో డ్యూటీకి ఆలస్యమైనట్టు. కొన్ని మాత్రం కిటికీ ముందు పెద్దబాపు నాటిన రేల చెట్టు దగ్గర ఆగేవి. గని మీద హాజరు వేయడాన్ని మస్టరంటారు. "ఇయ్యాల మస్టర్ ఫుల్లున్నదే, రా," అని ఆయన పెద్దమ్మను కేకేసేవాడు. పొయ్యి మీద కూర మాడినా సరే, ఆమె వచ్చి చూడాల్సిందే. మాడిన కూరకు తిట్లు మాత్రం ఆమెకే.

ఓపెన్‌కాస్టు గని కాలనీ దగ్గరికి జరిగాక సంగతి మారింది. బ్లాస్టింగుకు గిన్నెలు గలగలమనేవి. దండెం మీది బట్టలకూ రేల ఆకులకూ ఒకటే నల్లటి పొర. ఏటేటా మస్టర్ తగ్గుతూ వచ్చింది. పెద్దబాపు మంచం పట్టాడు. మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకుని ఒకటే మాట అనేవాడు: "ఒక్కసారి అవి వచ్చి చెట్టు మీద వాల్తే చూసి పోత."

పెద్దమ్మకు అది పట్టుకుంది. "ఆకు గింత నల్లగుంటే అవెట్ల వాల్తయి?" అని ఆ మిరుగం నుంచి రోజూ పొద్దున్నే స్టూలెక్కి ఆకుల్ని పైనా కిందా తడిగుడ్డతో తుడిచేది. అందని కొమ్మలకు పైపుతో నీళ్లు కొట్టేది. వానలు మొహం చాటేసిన ఏడు అది. చెట్టు మాత్రం పెళ్లికి ముస్తాబైనట్టు మెరిసేది. ఆయన కిటికీ వైపు చూస్తూనే, ఒక్కటీ వాలకుండానే పోయాడు.

దినాలు అయ్యేదాకా చెట్టు జోలికి ఎవరూ పోలేదు. దినాలనాడు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే పెద్దమ్మ చెట్టు కింద నిలబడి ఉంది. ఆకులు మళ్లీ నల్లబడ్డాయి. వాటి మీద పచ్చటి పురుగులు ఆకు అంచులు కొరుకుతున్నాయి. పల్లెలో పుట్టిన మనిషికి అవి సీతాకోకచిలుక పిల్లలని చెప్పనక్కర్లేదు. ఎవరూ చూడనప్పుడు ఒకటో అరో వచ్చి గుడ్లు పెట్టిపోయే ఉంటుంది.

"వచ్చినయి బిడ్డా. నేను రోజు గుడ్లను తుడిచేసిన. లేకుంటే అవి రెక్కలొచ్చి ఎగురుతుంటే ఆయన మంచంల నుంచే చూస్తుండె."

"నీ వల్ల కాదు పెద్దమ్మా. గుంపులే వస్తలేవు," అన్నాను. అది నిజమే. కానీ అప్పుడామెకు ఆ నిజం ఎందుకూ పనికిరాలేదు.

ఆ తర్వాత ఆమె ఆ చెట్టు మీద చెయ్యి వెయ్యలేదు, ఎవర్నీ వెయ్యనివ్వలేదు. రెండేళ్లు నాలుగైదు సీతాకోకచిలుకలు కనిపించాయి. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు కాలనీ అంతా పటాకులు కాల్చింది, స్వీట్లు పంచింది. ఆ మిరుగానికి నేను వెళ్తే పెద్దమ్మ పెద్దబాపు కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. చెట్టు నిండా దుమ్ము. ఒక్క ఆకుకూ చిన్న కొరుకుడు లేదు.

"కడుగకున్నా రాలే గద బిడ్డా," అంది. "నేను కడిగినందుకే అయితే మంచిగుంటుండె. కడుగుడు ఇడిసిపెడితే మళ్ల వస్తుండె."

ఇన్నేళ్లూ ఆమె మీద నుంచి ఆ తప్పు తొలగిపోవాలని కోరుకున్నాను. కాలం తొలగించింది, కానీ దాంతోపాటు ఆమెకు మిగిలిన ఆశను కూడా తుడిచేసింది.