బాపు మాట్లాడిన ఇంగ్లీషు

నిన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ నా ఎక్స్‌రే ఫిల్మ్‌ను వెలుగుకు ఎత్తి పట్టగానే, బొగ్గుగనుల కాలనీలోని పాత ఆస్పత్రి గుర్తొచ్చింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు నిండలేదు. రెండు నెలలు తక్కువ. గనిలో పనిచేసే మా నాన్న, మా బాపు, దగ్గు తగ్గడం లేదని చూపించుకోవడానికి పోతూ నన్నూ వెంట తీసుకెళ్లాడు.

తెలుగు రాని డాక్టర్ ఫిల్మ్ మీద వేలు పెట్టి, ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. బాపు చేతులు కట్టుకుని, "ఐ డోంట్ అండర్‌స్టాండ్, సార్" అన్నాడు. ఆయన మళ్లీ ఇంగ్లీషులోనే ఏదో చెప్పి, బిళ్లలిచ్చి పంపాడు.

నేను వాడకట్టంతా చాటాను. "మా బాపు డాక్టర్‌తోని ఇంగ్లీషుల మాట్లాడిండు!"

"అబ్బో, దొరబిడ్డ! ఇంతకీ ఏమన్నడే డాక్టర్?" అంది పక్కింటి రాజవ్వ.

బాపు నా మొహం చూసి నవ్వాడు. "ఏం ఫికర్ లేదన్నడు." తెల్లారి మళ్లీ గనిలోకి దిగాడు.

బాపు డాక్టర్‌తో అన్న ఆ ఇంగ్లీషు మాటకు అర్థం నాకు ఆరో తరగతిలో తెలిసింది. అప్పటికి బాపు పోయి ఏడాది దాటింది. ఉరుక్కుంటూ వచ్చి అవ్వకు, అదే మా అమ్మకు, చెప్పాను. బియ్యం చెరుగుతున్న అవ్వ తల ఎత్తలేదు.

"నాకు ఎరుకే బిడ్డా. ఇంగ్లీషు తెలిసినోళ్లను తోలుకపోయి మల్ల అడుగుదమన్న. 'పిల్ల గంత మురుస్తుంది, గిప్పుడెట్ల అడుగుత' అన్నడు."