వెలిసిపోయిన ఊదా చుక్క

ఉధ్నాలో మేము పనిచేసే గదిలోంచి సాయంత్రం బయటికి వచ్చే ముందు ప్రతి ఒక్కరూ నీలం డ్రమ్ములో మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. గుడ్డ పరుచుకొని జుట్టు దువ్వుకోవాలి. పని బట్టలు కొక్కేనికి తగిలించి ఇంటి బట్టలు వేసుకోవాలి. నగలు చేసే కార్ఖానాలు నేల ఊడ్చిన దుమ్మును మా దగ్గరికి పంపుతాయి. అందులో కంటికి కనిపించని బంగారాన్ని తీసి ఇవ్వడం మా పని. కాబట్టి మా ఒంటికి అంటుకున్న దుమ్ము కూడా మాది కాదు. దీపావళికి ముందు ఆ పని బట్టలన్నీ భట్టీలో కాల్చి, ఆ బూడిదలోంచి కూడా బంగారం తీస్తారు.

బాపు ఆ గదిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నారు. పవర్‌లూమ్‌ల మోతకు ఒక చెవి పోయిన తరువాత ఆ పని మాని ఇక్కడ చేరారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. రసాయనశాస్త్రం పూర్తి చేయగానే యజమాని నన్ను కూడా పనిలోకి తీసుకున్నారు. ఆయనను అందరమూ సేఠ్ అంటాము. ఇక్కడ ఆమ్లాన్ని తేజాబ్ అంటారు. కోసాడ్‌లోని మా ఇంటి నుంచి వచ్చే బస్సులో బాపు పక్కవాళ్లతో, "మా బిడ్డ తేజాబ్‌కు డాక్టర్" అనేవారు. ఇబ్బందిగా ఉండేది, సంతోషంగానూ ఉండేది.

దుమ్మును కాల్చి, ఇనుమును అయస్కాంతంతో తీసేసి, మిగిలినదాన్ని రెండు ఆమ్లాలు కలిపిన నీళ్లలో వేస్తే బంగారం కరిగిపోతుంది. తరువాత ఆ ద్రావణాన్ని మరిగించి, అందులోని నత్రికామ్లాన్ని పూర్తిగా వెళ్లగొట్టాలి. అప్పుడే అన్నభేది అనే పచ్చటి ఇనుప లవణాన్ని వేయాలి. బంగారం గోధుమరంగు బురదలా అడుగుకు దిగుతుంది. నత్రికామ్లం మిగిలి ఉంటే అన్నభేది దానికే ఖర్చయిపోతుంది. బంగారం నీళ్లలోనే ఉండిపోతుంది. ఇది నాకు బాగా తెలిసిన పాఠం.

ఆ రోజు ద్రావణం మరుగుతోంది. ఎర్రటి పొగ లేస్తోంది. పొగను లాగే ఫ్యాను రెండు రోజులుగా పాడైపోయి ఉంది. బాపు గోడకు చెయ్యి ఆనించి దగ్గుతున్నారు. బయటికి వెళ్లమన్నాను.

"నువ్వుంటే నేనెట్ల పోతనే? జర ఆగుతది గని, నీ పని నువ్వు చెయ్" అన్నారు.

ఆ దగ్గు వినలేక స్టవ్ ఆర్పేశాను. ఇంకా చాలాసేపు మరగవలసి ఉందని తెలుసు. చాలులే అనుకున్నాను. అన్నభేది వేశాను, అడుగున కొంత బురద దిగింది. దాన్ని వడకట్టి, మిగిలిన నీళ్లను పారబోయబోతుంటే బాపు డబ్బాను నా చేతిలోంచి తీసుకొని ఒక మూలన పెట్టారు.

"గీడ ఏదీ పారబొయ్యం బిడ్డా."

మరునాడు పొద్దున బంగారాన్ని కరిగించి తూచారు. ముందుగా తీసిన నమూనాను బట్టి ఎంత రావాలో సేఠ్‌కు తెలుసు. చాలా తక్కువ వచ్చింది. ఆయన ఫోన్ పట్టుకొని బయటికి వెళ్లారు. నేను వెంటనే మూలనున్న డబ్బాలోంచి ఒక చుక్కను వడపోత కాగితం మీద వేసి, తగరం ద్రావణం చుక్క తగిలించాను. బంగారం ఉంటే కాగితం ఊదా రంగుకు తిరుగుతుంది. తిరిగింది. మిగిలిన నత్రికామ్లం వల్ల ఆ రంగు చూస్తూ ఉండగానే వెలిసిపోయింది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రంలోగా ఆ నీళ్లను మళ్లీ మరిగించి బంగారం తీసేస్తే నా తప్పు ఎవరికీ తెలియదని అనుకున్నాను.

అంత సమయం దొరకలేదు. మధ్యాహ్నం సేఠ్ తిరిగి వచ్చి బాపు ముందు నిలబడ్డారు.

"కాకా, మాల్ కమ్ హై. కపడే ఉతారో."

సరుకు తక్కువైంది, బట్టలు విప్పమంటున్నారు. నన్ను అడగలేదు. చదువుకున్నదాన్ని కనుక నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. బాపు నవ్వబోయి ఆగిపోయారు. చొక్కా విప్పారు. లుంగీ విప్పి తువ్వాలు చుట్టుకున్నారు. దీపావళి దాకా ఆగవలసిన ఆ బట్టలను అప్పుడే భట్టీలో వేశారు. బూడిదలోంచి ఆవగింజంత బంగారం వచ్చింది. ఆ గదిలో ఎవరి బట్టలు కాల్చినా అంతే వచ్చేది. సేఠ్ దాన్ని వేలికొనతో తిప్పి చూసి, "ఠీక్ హై" అని లోపలికి వెళ్లిపోయారు.

నా జేబులో కాగితం ఉంది. నేను నోరు తెరవలేదు.

మరునాడు పొద్దున్నే చెప్పాను. సేఠ్‌కు కోపం రాలేదు. ఆ డబ్బాను మళ్లీ మరిగించగా మిగతా బంగారం దిగింది. "మిల్ గయా నా? బస్" అన్నారు, దొరికింది కదా, చాలు అన్నట్టు. ఆయనకు సంగతి అంతటితో ముగిసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లే బస్సు అమ్రోలి దాటాక బాపు అడిగారు.

"నీకెప్పుడు ఎరుకైంది?"

"నిన్న పొద్దున."

"నా బట్టలు ఇప్పకముందేనా?"

"ముందే బాపూ."

ఆయన కిటికీ వైపు తిరిగారు. ఆ రోజు నుంచి బస్సులో ఎవరితోనూ తేజాబ్ డాక్టర్ మాట ఎత్తలేదు. నన్ను తిట్టలేదు, తిడితే నేను క్షమాపణ అడగడానికి వీలుండేది.

ఇప్పుడు ప్రతి సాయంత్రం చేతులు కడుక్కున్నాక, ఎవరూ అడగకపోయినా, బాపు చొక్కా విప్పి సేఠ్ ఎదుట రెండుసార్లు దులిపి కొక్కేనికి తగిలిస్తారు. సేఠ్ వద్దనరు. నేను డ్రమ్ము దగ్గర తల వంచుకొని చేతులు తోముకుంటాను. ద్రావణాన్ని ఇప్పుడు ఒకటికి మూడుసార్లు, పొగ పూర్తిగా ఆగేదాకా మరిగిస్తున్నాను. బయటికి వెళ్లమని ప్రతిసారీ చెబుతాను. బాపు కదలరు. గోడకు చెయ్యి ఆనించి, దగ్గుతూ, నేను స్టవ్ ఎప్పుడు ఆర్పుతానా అని చూస్తూ నిలబడతారు.